సరస్సులోని జనాభా లెక్క

వానలు వెలిసిన పిమ్మట నిండుగా నున్న చెరువులో ఒక గాజు గ్లాసు ముంచి, ఆ నీటిని వెలుగునకు ఎత్తిపట్టి చూడుడు. మొదట నేమియు కానరాదు. కన్ను కొంచెము నిలిచిన పిమ్మట తెల్లని నలుసులవంటివి కొన్ని కదలుచు కనబడును. దుమ్ము నీటి కదలికతో కదలును; ఇవి తమంతట తాము కదలుచున్నవి. కొన్ని కుదుపు కుదుపుగా పైకి ఎగిరి మరల దిగును. కొన్ని ఒక్క ఊపున ప్రక్కకు దూకి నిలిచిపోవును. ఇవి ప్రాణులు. శాస్త్రజ్ఞులు వీనికి జంతుప్లవకములని పేరిడిరి. నీటి వాలున తేలుచు బ్రతుకునట్టివి ప్లవకములు. వానిలో మొక్కల జాతివి వృక్షప్లవకములు. అవియే నీటికి పచ్చదనము నిచ్చునవి. ఆ పచ్చదనమును మేసి బ్రతుకునవి జంతుప్లవకములు.

మంచినీటి సరస్సులలోని యీ చిరుప్రాణులలో ముఖ్యముగా మూడు తెగలు గలవు. రోటిఫెరములు అన్నింటికంటె చిన్నవి. తలమీది నూగును చక్రము తిరుగునట్లు ఆడించి ఆహారమును నోటిలోనికి లాగుకొనును. రెండవ తెగలోనివి డాఫ్నియాయు దాని బంధువులును. ఇవి అద్దమువంటి చిప్పలో ఒదిగి, లోపలి కాళ్లతో ఎడతెగక నీటిని వడపోయుచుండును. మూడవ తెగలోనివి సైక్లాప్స్, డయాప్టమస్ మున్నగునవి. తెడ్లవంటి కాళ్లతో ఈదును. ఒకటి రెండు మిల్లీమీటర్లకు మించిన దేహము వీనిలో అరుదు.

ఇంత చిన్న ప్రాణులతో మనకేమి పని యని మీరు అడుగవచ్చును. తెలుగుదేశమున వీనితో మనకు పాతపరిచయమే కలదు. బొచ్చె చేప నీటి పైపొరలలో వీనిని తిని పెరుగును. శీలావతి, ఎర్రమోసు మొదలగు చేపల పిల్లలకు సైతము తొలియాహార మిదియే. ఇక కీడును జ్ఞప్తికి తెచ్చుకొందము. మన పూర్వులను మంచము పట్టించిన నారికురుపు వ్యాధికి వాహనమైనది సైక్లాప్సే. కురుపుతో నున్న మనిషి దిగుడుబావిలో కాలుపెట్టినప్పుడు పురుగుపిల్లలు నీటిలో పడును; సైక్లాప్స్ వానిని మ్రింగును; ఆ నీటిని వడకట్టక త్రాగినవానికి మరుసటియేడు కురుపు లేచును. మన దేశమున ఆ వ్యాధి తుదిసారి 1996లో కనబడెను. 2000లో దేశము దానినుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించెను. దిగుడుబావులను మార్చి, నీటిని గుడ్డతో వడకట్టించి సాధించిన విజయమది. కంటికి ఆనని ప్రాణి సంగతి తెలిసికొనుట యెంత ముఖ్యమో చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

ఈనాటి ప్రసంగవిషయము మాత్రము వేరొకటి. ఈ జనాభా యేటేట ఎట్లు మారును, ఎందుకు మారును, ఆ మార్పును కనిపెట్టుట వలన ప్రయోజనమేమి — అను మూడు ప్రశ్నలు.

ఋతువులతో వచ్చు మార్పు సులభముగ తెలియును. శీతలదేశముల సరస్సులలో వసంతమున ఎండ పెరుగగనే వృక్షప్లవకములు విజృంభించును. మేత సమృద్ధియైనందున డాఫ్నియా వృద్ధియగును. అనుకూలకాలమున ఆడుడాఫ్నియాకు మగదానితో పనిలేదు. ఒంటరిగనే పిల్లలను కనును. వెచ్చని నీటిలో ఆ పిల్లలు వారము పది దినములలో తల్లులగును. ఇట్లు పెరిగిన మంద సరస్సులోని పచ్చదనమునంతయు మేసివేయగా కొలదివారములు నీరు తేటపడును. ఆపైన మేత చాలక, చేపపిల్లల నోట పడి, ఆ మంద తరిగిపోవును. ఇది ప్రతి సంవత్సరము జరుగు కథయే.

యేటేటి మార్పు అట్లు తెలియదు. నిరుడు మెండుగానున్న జాతి ఈయేడు కానరాలేదనుకొందము. అది కేవలము యాదృచ్ఛికమా? చలి యెక్కువైనందువలననా? క్రొత్తచేప వచ్చి తినివేసినదా? లేక సరస్సే మారిపోవుచున్నదా? ఒక్క సంవత్సరపు లెక్క ఈ ప్రశ్నలలో దేనికిని సమాధానము చెప్పజాలదు. రెండేండ్ల లెక్క అనుమానము పుట్టించును. ఇరువది ముప్పది యేండ్ల లెక్క యున్నచో సరస్సు తానే సమాధానము చెప్పును. ఇందుకు అమెరికాలోని వాషింగ్టన్ సరస్సు చరిత్రను ఉదాహరణముగ గైకొందము.

సియాటిల్ నగరమునకు తూర్పున, పొడవుగా, సన్నగా వ్యాపించిన సరస్సిది. దాని మిక్కిలి లోతు 65 మీటర్లు. 1941 మొదలుకొని చుట్టుపట్ల ఊళ్ల మురుగునీరు శుద్ధిచేయబడి ఇందులోనికి వదలబడుచుండెను. ఆ నీటిలో రోగక్రిములు తగ్గినను భాస్వరము తగ్గలేదు. పొలమునకు ఎరువు ఎట్టిదో నీటిలోని నాచునకు భాస్వరము అట్టిది. ఈ సరస్సును 1933లో ఒకసారి పరీక్షించిరి. 1950లో మరియొకసారి పరీక్షించిరి. ఆ రెండు లెక్కలను పోల్చుకొనగలుగుట వలననే సరస్సులో మార్పు వచ్చుచున్నదని గ్రహింప వీలాయెను.

1955లో ఆసిలటోరియా రుబెసెన్స్ అను పోగులవంటి నాచు ఇందులో కనబడెను. వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో ఆచార్యుడైన డబ్ల్యు. టి. ఎడ్మండ్సన్ దానిని చూచి ఉలికిపడెను. ఏలయనగా స్విట్జర్లండులోని జూరిచ్ సరస్సు పందొమ్మిదవ శతాబ్దాంతమున చెడిపోవునపుడు కనబడినదియు ఈ నాచే. అక్కడ జరిగినది ఇక్కడను జరుగునని అతడు హెచ్చరించెను. నీటిలోని భాస్వరము ఇంతయైనచో నాచు ఇంత పెరుగును, మురుగును మరల్చినచో ఇంత తగ్గును అని లెక్కగట్టి చెప్పెను. మురుగునీటి సమస్యకై పాటుపడుచున్న పౌరప్రముఖుడు జేమ్స్ ఎల్లిస్ మున్నగువారికి ఆ లెక్కలు ఆధారమాయెను.

ఖర్చు ప్రజలదే గనుక తీర్పును ప్రజలే చెప్పవలసివచ్చెను. 1958 మార్చిలో జరిగిన వోటింగులో ఆ ప్రతిపాదన వీగిపోయెను. అదే సంవత్సరము సెప్టెంబరులో మరల వోటింగు జరుపగా నెగ్గెను. 1963లో మురుగును మరల్చుట ఆరంభమై 1968లో ముగిసెను. ఆ మధ్యకాలమున సరస్సు మిక్కిలి అధ్వాన్నస్థితిలో నుండెను. నీటి తేటను కొలుచుటకు తెల్లని పళ్లెమునొకదానిని త్రాటితో దింపి, అది కంటికి మరుగగు లోతును గుర్తింతురు. 1865లో ఇటలీ ఖగోళశాస్త్రజ్ఞుడు సెక్కి వాడుకలోనికి తెచ్చిన పద్ధతి యిది. మురుగు మిక్కుటముగ నున్న ఆ కాలపు వేసవిలో ఆ పళ్లెము సుమారు ఒక మీటరు లోతుననే మాయమగుచుండెను.

మురుగు ఆగినంతనే ఎడ్మండ్సన్ చెప్పినట్లే భాస్వరము తగ్గెను, నాచు తగ్గెను, 1970 ప్రాంతమునకు నీరు మూడు మీటర్ల మేరకు తేటపడెను. పట్టణవాసులు సంతసించిరి. కథ ముగిసినదని అందరును తలచిరి. ఇంక ఆ సరస్సులో లెక్కింప నేమున్నదని ఎవరైన అడిగియుండినచో తప్పుపట్టుటకు వీలులేదు.

ఎడ్మండ్సన్ మాత్రము లెక్క మానలేదు. ఆ పని యెట్టిదో ఊహించుకొనుడు. పడవపై సరస్సు మధ్యకు పోయి, సన్నని కన్నుల వల దించి, పైకి లాగి, దానిలో చిక్కిన ప్రాణులను సీసాలో మందునీటిలో నిలువచేయవలెను. తరువాత సూక్ష్మదర్శినిక్రింద ఒక్కొక్కదానిని, ఏ జాతిది, ఎంత వయసుది, కడుపున గ్రుడ్లున్నవా లేవా యని చూచి వ్రాసికొనవలెను. మరల కొలదిదినములకు అదే చోటికి పోయి అదే పని చేయవలెను. వానయనియు చలియనియు మానరాదు. ఇందులో ఉత్సాహము పుట్టించున దేదియు లేదు. ఒక సంవత్సరపు అంకెలు రెండవ సంవత్సరపు అంకెల ప్రక్కను పడుచుండును, అంతే.

1976లో ఆ అంకెలు ఒక్కసారి మారెను. అంతవరకు ఆ సరస్సులో డయాప్టమస్ ప్రధానముగ నుండెను. డాఫ్నియా మిక్కిలి అరుదు. ఆ యేడు డాఫ్నియా మందలుగా పెరిగెను. తెల్లని పళ్లెము మునుపెన్నడును ఎరుగని లోతున సైతము కనబడసాగెను. తరువాతి సంవత్సరములలో ఆరు మీటర్లకు మించిన లోతు అరుదుకాలేదు. మురుగును ఆపినందువలన వచ్చిన తేటకు తోడు, ఈ చిరుప్రాణి వడపోసినందువలన మరియొక తేట సరస్సునకు లభించెను.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న పుట్టెను. మురుగు ఆగినది 1968లో గదా! డాఫ్నియా అప్పుడే యేల రాలేదు? ఎనిమిదేండ్లు ఎందుకు ఆగెను? పాత సీసాలను, పాత పుస్తకములను తిరుగవేసి చూడగా, డాఫ్నియాకు రెండు ఆటంకములు ఉండెనని తేలెను.

మొదటి ఆటంకము నియోమైసిస్. చూచుటకు చిన్నరొయ్యవలె నుండు ఈ ప్రాణి ఒక సెంటీమీటరునకు మించి పెరుగును. దానికి డాఫ్నియా ప్రియమైన ఆహారము. 1960 తరువాతి దశకము నడుమ దీని సంఖ్య పడిపోయెను. దానిని తిను స్మెల్టు అను చిన్నచేప సరస్సులో హెచ్చినందువలన ఇట్లు జరిగెను. స్మెల్టు హెచ్చుటకు కారణమేమి? ఆ చేప గ్రుడ్లు పెట్టుట సరస్సులోనికి వచ్చి కలియు సీడార్ నదిలో. వరదలను అరికట్టుటకై ఆ నదిలో చేయుచుండిన పనుల తీరు మారుటచే చేపలకు అనుకూలమైన అడుగు ఏర్పడియుండునని ఎడ్మండ్సన్ భావించెను. నది గట్టున మనుష్యులు వేరొక ఉద్దేశముతో చేసిన పని, చేపద్వారా, రొయ్యద్వారా, సరస్సు నడుమనున్న డాఫ్నియాను చేరెనన్నమాట.

అయినను నియోమైసిస్ తగ్గిన వెంటనే డాఫ్నియా రాలేదు. రెండవ ఆటంకము ఇంకను మిగిలియుండెను. అది మొదట చెప్పిన ఆసిలటోరియాయే. దాని పొడుగాటి పోగులు డాఫ్నియా వడపోతకాళ్లలో చిక్కుకొనును. చిక్కిన పోగులను విదుల్చుకొనుటతోనే దానికి సరిపోవును. పోగులతో పాటు పట్టిన మంచి మేతయు పోవును. మురుగు నిలిచిన పిమ్మట ఆసిలటోరియా యేటేట తగ్గుచు, 1976 నాటికి లేనట్లే యాయెను. రెండు ఆటంకములును తొలగిన యేడే డాఫ్నియా వచ్చినది.

శ్రోతలు ఒక సంగతి గమనింపవలెను. 1968లో పని పూర్తియైనదని లెక్క నిలిపివేసియుండినచో ఏమగును? 1976లో నీరు హఠాత్తుగా తేటపడినప్పుడు మురుగు మళ్లించుటయే పూర్తికారణమని అందరు నమ్మియుందురు. మరియొక పట్టణమువారు అదే ఖర్చుచేసి, అంతటి తేట రాకపోగా మోసపోయితిమని తలచియుందురు. నియోమైసిస్ ఎప్పుడు తగ్గెనో, ఆసిలటోరియా ఎప్పుడు పోయెనో తేదీలతో సహా వ్రాసియుంచినందుననే కారణములను వేరుచేయుటకు వీలాయెను. గడచిన సంవత్సరపు నీటిని ఎంత ధనమిచ్చియు మరల ముంచి తేలేము. ఆనాడు తీసి దాచిన సీసాయే దానికి సాక్షి.

ఆ స్మెల్టు చేప వలననే మరియొక వింతయు తెలియవచ్చెను. దాని ఆయువు రెండేండ్లు. ఈ సరస్సులో సరిసంఖ్య గల సంవత్సరములలో పుట్టిన తరము బలమైనది. బేసిసంఖ్య సంవత్సరములలో పుట్టిన తరము బలహీనమైనది. కావున దానికి ఆహారమైన నియోమైసిస్ సంఖ్యయు ఒకయేడు హెచ్చుచు, ఒకయేడు తగ్గుచు ఊయలవలె ఊగును. ఈ సంగతి తెలియనివాడు వచ్చి రెండేండ్లు మాత్రము లెక్కించి, నియోమైసిస్ నశించుచున్నదనియో, విపరీతముగ పెరుగుచున్నదనియో తీర్మానించుటకు అవకాశముండెడిది. రెండు తీర్మానములును తప్పే.

ఎడ్మండ్సన్ 2000 సంవత్సరమున మరణించెను. ఆ లెక్కను ఇతరులు కొనసాగించిరి. 2004లో విండర్, షిండ్లర్ అను శాస్త్రజ్ఞులు 1962 మొదలుకొని నలువదేండ్ల అంకెలను పరిశీలించి ఒక క్రొత్తవిషయము ప్రకటించిరి. వసంతమున సరస్సు పైనీరు క్రమముగ వెచ్చబడుచున్నది. దానితో వృక్షప్లవకములు విజృంభించు కాలము సుమారు 20 దినములు ముందునకు జరిగెను. కెరటెల్లా అను రోటిఫెరము తానును ముందుగనే మేల్కొని మేతను అందుకొనెను. డాఫ్నియా మాత్రము తన పాతతేదీనే విడువలేదు. విందు ముగియవచ్చిన వేళకు చేరు అతిథివలె అది వెనుకబడి, సంఖ్యలో తగ్గసాగెను. నీరు చెడలేదు, శత్రువు క్రొత్తగ రాలేదు. మేతకును మేయుదానికిని వేళ తప్పినది. ఇట్టి మార్పును సూచించుటకు ఏ ఒక్క సంవత్సరపు పరీక్షయు చాలదు.

ఇంతకంటె దీర్ఘమైన దీక్ష సైబీరియాలోని బైకాల్ సరస్సున జరిగెను. ప్రపంచములోని సరస్సులన్నింటిలో లోతైనది అదియే. అచ్చట మిఖాయిల్ కొజోవ్ అను శాస్త్రజ్ఞుడు రెండవ ప్రపంచయుద్ధము ముగియు దినములలో ప్లవకముల లెక్క ప్రారంభించెను. వేసవిలో పడవపై, శీతకాలమున మంచుగడ్డకు కన్నము చేసి, వారము పదిదినముల కొకమారు నీరు తీసిరి. అతని తరువాత కుమార్తె ఓల్గా కొజోవా, ఆమె తరువాత మనుమరాలు ల్యూబోవ్ ఇజ్మెస్తియేవా ఆ పనిని చేపట్టిరి. రాజ్యము మారినను, ప్రభుత్వము మారినను వల దించుట ఆగలేదు. 2008లో ఆ లెక్కలను ప్రకటించినపుడు, 1946 మొదలు ఆ సరస్సు పైనీరు ఒక డిగ్రీకి పైగా వెచ్చబడినదనియు, డాఫ్నియా తెగకు చెందిన ప్రాణులు మూడు రెట్లకు మించి హెచ్చినవనియు లోకమునకు తెలిసెను. అంతటి అపారజలరాశి మారుటకు కాలము పట్టుననుకొనుచుండిన వారికి అది మేల్కొలుపు.

మనుష్యులు లెక్క వ్రాయనిచోట సరస్సు తానే కొంత వ్రాసికొనును. కాలము ప్రతికూలించినప్పుడు డాఫ్నియా వంటివి మగవానిని కని, జతకట్టి, గట్టి పెంకుగల గ్రుడ్లు పెట్టును. అవి అడుగుబురదలో పడి నిద్రించును. అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రమున ఒక చిన్న చెరువు అడుగుమట్టిని తీసి పరిశోధింపగా, డయాప్టమస్ గ్రుడ్లు మూడువందల యేండ్ల తరువాత సైతము పొదగబడి పిల్లలాయెనని 1995లో వెల్లడియాయెను. బురద పొరలలో ఒక్కొక్క తరము వరుసగ నిలిచియుండును. మన మెట్టప్రాంతముల చెరువులు వేసవిలో ఎండి నెఱ్ఱెలు విచ్చును. తొలకరి నీరు చేరిన కొలదిదినములకే మరల వానిలో ఈ ప్రాణులు కదలాడును. ఆకాశమునుండి ఊడిపడినవి కావవి; కాళ్లక్రింద మట్టిలో నిద్రించినవే. పూడికతో పాటు ఆ విత్తనమును ఎత్తిపోయుచున్నామని మనకు తోచనైన తోచదు.

ఈ ప్రసంగమునకు ప్రయోజనమేమనగా — చెరువు బాగున్నదా లేదా యని తెలిసికొనుటకు మనము సామాన్యముగ నీటిమట్టము చూచెదము, రంగు చూచెదము, వాసన చూచెదము. రంగు మారినపుడు గాని మనకు దిగులు కలుగదు. నీటి రంగు మారుటకు ముందే దానిలోని జనాభా మారును. పెద్దవి పోయి చిన్నవి మిగులుట, మెండుగానున్నవి కరవగుట, ఎన్నడును చూడనివి వచ్చుట — ఇవి సరస్సు ముందుగ చెప్పుకొను మాటలు. వానిని వినుటకు నిరుటి మాట, అంతకు ముందటి యేటి మాట వ్రాసియుంచుకొనవలెను.

ఇందులకు గొప్ప యంత్రములు అక్కరలేదు. సన్నని గుడ్డతో కుట్టిన చిన్నవల, ఒక సాధారణ సూక్ష్మదర్శిని, తెల్లని పళ్లెము, త్రాడు, ఒక పుస్తకము చాలును. ఊరి పాఠశాలలోగాని కళాశాలలోగాని జంతుశాస్త్రము చదువు విద్యార్థులు తమ ఊరి చెరువులో ఒకచోటు ఎన్నుకొని, నెలకు రెండుమార్లు, అదే చోట, అదే వేళ, అదే వలతో నీరు తీసి లెక్కింపవచ్చును. కష్టమైనది ఒక్కటియే: మానకుండుట. ఈయేటి విద్యార్థులు వెడలిపోవునపుడు పుస్తకమును వచ్చుయేటివారి చేతికి ఇచ్చి పోవలెను. మొదటి పుటలు వ్రాసినవారికి దానిలో విశేషమేమియు కానరాకపోవచ్చును. ఇరువదియేండ్లకు ఆ చెరువు నీరు చెడినపుడో, చేపలు చచ్చి తేలినపుడో, ఏమి జరిగెనని ఊరివారు అడుగుదురు. అప్పుడు తీసి చూచుటకు ఆ పుస్తకము ఉండవలెను.